చివరి గదిలో అడవి పంది

మ్యూజియం గోడల మీద కనిపించే ఆ నాలుగు ముక్కలూ ఎవరో ఒకరు కూర్చుని రాస్తారన్న సంగతి చూడ్డానికి వచ్చేవాళ్ళకు తట్టదు. తట్టకపోవడమే మంచిది. మలేషియాలో, పినాంగ్ దీవి మీది జార్జ్ టౌన్‌లో ఒక చిన్న ప్రైవేటు మ్యూజియంలో ఆరేళ్ళు నేను చేసిన పని అదే. సుంగై పెటాని నుంచి రోజూ వంతెన దాటి వెళ్ళి, గాజుపెట్టెల పక్కన అతికించే పలకలకు మాటలు రాసేదాన్ని. బాబు పుట్టాక మానేశాను. వాడికిప్పుడు ఏడాది నిండింది. వాడు పడుకున్నాక, పేరాకోసారి లేచి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ ఇది రాస్తున్నాను. ఎక్కడైనా వాక్యం తెగినట్టుంటే తప్పు వాడిది.

ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏం చదవాలి, ఏ డిగ్రీ కావాలి అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు నా దగ్గర గొప్ప జవాబులేమీ లేవు. ఒక గది సంగతి మాత్రం చెప్పగలను.

అది నా ఆఖరి ఎగ్జిబిషన్. ప్రాచీన ప్రపంచంలో మనుషులు ఒకరి జీవితం ఒకరు రాయడం ఎలా మొదలుపెట్టారన్నది విషయం. అయిదు గదులు. మొదటిది ఈజిప్టు. అక్కడి అధికారులు తమ గొప్పతనాన్ని సమాధి గోడల మీద తామే చెక్కించుకున్నారు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టాననీ, బట్టలేనివాడికి బట్టలిచ్చాననీ, ఎవరికీ కీడు చెయ్యలేదనీ. ఎవరి గోడ చూసినా దాదాపు అవే మాటలు. రెండోది గ్రీసు. చచ్చిపోయిన రాజుల్ని పొగడటం పాటల్లోంచి వచనంలోకి వచ్చిన చోటు. మూడోది రోము. పెద్దింటి శవయాత్రలో పూర్వీకుల ముఖాల అచ్చులు తగిలించుకుని నటులు నడిచేవాళ్ళు, కొడుకు వేదికెక్కి తండ్రి ఘనకార్యాలు చెప్పేవాడు. ఆ ప్రసంగాలు చరిత్రలోకి బోలెడన్ని అబద్ధాలు ఎక్కించాయని రోములోనే కొందరు విసుక్కున్నారు. నాలుగోది చైనా. రాజులూ సేనాపతుల పక్కనే హంతకులకూ, విదూషకులకూ, వైద్యులకూ, వర్తకులకూ కూడా జీవితాలు రాసిపెట్టిన చోటు. బుద్ధుడి బతుకును కావ్యంగా చెప్పిన ఇండియా సంగతి కూడా ఆ గదిలోనే ఒక మూల పెట్టాను.

అయిదో గది ఖాళీ. దాన్ని ఇక్కడి ఊళ్ళ మనిషికి ఇవ్వాలని నా పట్టు. నాలుగు గదులు తిరిగినా ఒక్క కూలిమనిషి కనిపించదు, రాణి కాని ఆడది కనిపించదు. మా డైరెక్టరు పినాంగ్ చీనా ఆవిడ, అరవై దగ్గర పడుతున్న మనిషి. నవ్వడం ఖర్చనుకునే రకం. నా పట్టు విని తలూపి, రెండో వాక్యంలోనే షరతు పెట్టింది.

"నీకు మూడు వారాలు. పనికొచ్చేది తీసుకురా. లేకపోతే ఆ గది స్పాన్సరుకి ఇచ్చేస్తాను. వాళ్ళ తాతలనాటి కాఫీ వేపే మిషన్లు పెట్టుకుంటామని ఎప్పట్నుంచో అడుగుతున్నారు లా."

ఆ 'లా'కి అర్థం లేదు, మా మలేషియాలో ఏ భాష మాట్లాడినా వాక్యం చివర తగులుతుంది. కాఫీ మిషన్ల మీద నాకు కోపం లేదు. కానీ రెండు వేల ఏళ్ళ పాటు మనుషుల జీవితాలు చూసుకుంటూ వచ్చినవాడికి చివర్లో కనిపించేది మిషనా అనిపించింది. ఆ గది నాకు కావాలి. అప్పుడు నాకు అయిదో నెల. కాన్పు తరవాత మళ్ళీ పనికి వస్తానో రానో తెలియదు. ఆరేళ్ళలో నాది అని చెప్పుకోడానికి ఒక్క గదైనా ఉండాలనుకున్నాను.

ఏం పెట్టాలో నాకు తెలుసనుకున్నాను కూడా. మా వాళ్ళలో చావింట ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. ఇప్పటివాళ్ళు కాదు, ఎనభై దాటినవాళ్ళు. పోయిన మనిషి పుట్టుకా పెళ్ళీ పనీ పోట్లాటలూ అన్నీ ఆ ఏడుపులో వరసగా వస్తాయి. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకు వచ్చినప్పుడు సంచిలో ఏం తెచ్చుకున్నారో గాని, గొంతులో ఇది తెచ్చుకున్నారు. రోము కొడుకు వేదికెక్కి చేసిన పనిని మా ముసలమ్మలు చాప మీద కూర్చుని చేస్తారు. ఇంతకంటే ఏం కావాలి?

మా అమ్మకు మేనత్త ఒకామె ఉంది. మా తాతకు చెల్లెలు. నాకు మామ్మ వరస. సుంగై పెటానిలోనే కొడుకు దగ్గర ఉంటోంది. ఒక శనివారం పళ్ళు పట్టుకుని వెళ్ళి, హాల్లో ఆమె పక్కన కూర్చుని, ఫోను తీసి బల్ల మీద పెట్టాను.

"మామ్మా, చావింట ఏడుస్తారు కదా, అలాంటిది ఒకటి పాడవా? రికార్డు చేసుకుంటాను."

ఆమె నా మొహం వైపు చూసింది, తరవాత నా పొట్ట వైపు చూసింది. ఫోను మీద తువ్వాలు కప్పేసింది.

"ఏటే గుంటా, నీకు మతిగాని పోనాదేటి? ఎవులూ సావని ఇంట్లో సావు ఏడుపు తియ్యమంటావేటే? నా కొడుకున్నాడు, కోడలుంది, మనవలున్నారు. ఎవుల్ని పిలవమంటావు? అదీ కడుపుతో ఉండి అడుగుతావు! నీ యమ్మ నీకేటీ సెప్పనేదా?"

వంటింట్లోంచి కోడలు తొంగిచూసి నవ్వాపుకుంటూ లోపలికి పోయింది. ఎగ్జిబిషన్ల గురించి మూడు పుస్తకాలు చదివినదాన్ని, మా ఇళ్ళలో చిన్నపిల్లకు తెలిసిన సంగతి మర్చిపోయాను. కడుపుతో ఉన్నవాళ్ళూ పురిట్లో ఉన్నవాళ్ళూ చావింటికి వెళ్ళకూడదు, ఆ ఏడుపు చెవిన పడకూడదు. నేను నమ్ముతానా అంటే, పగలు నమ్మను. కానీ ఆ వేళ ఇంటికి వచ్చేదాకా కారు నలభై దాటనివ్వలేదు.

ఇక కాఫీ మిషన్లే అనుకున్నాను. నాలుగు రోజుల తరవాత మామ్మే ఫోన్ చేసింది. ఉపోద్ఘాతం లేదు.

"ఒకతుంది. దానికి నాను బాకీ."

"ఎవరు మామ్మా?"

"నా జతగత్తె. నా పక్క వరసలో రబ్బరు చెట్లు గీసీది. అది సచ్చిపోనప్పుడు నాను పురిట్లో ఉన్నాను. పెద్దోడు పుట్టి తొమ్మిదో రోజు. గుమ్మం దాటనివ్వనేదు. దానికెవులూ నేరు. మొగుడు సింగపూరు ఎల్లి మరి రానేదు, పిల్లా జెల్లా నేరు. సొంతోలు ఉంటేనే కదా ఏడిసీది? ఏడుపు నేకండా ఎత్తుకెల్లిపోనారు."

యాభై ఏళ్ళ పైనాటి మాట. గొంతు నిన్నటి మాట చెప్తున్నట్టే ఉంది.

"దానికైతే తీస్తాను. ఇంట్లో కాదు. మా లైన్లుండిన కాడికి తీసుకెల్లు. అక్కడ ఇప్పుడు ఇల్లు నేవు కదా, ఎవులికీ తగల్దు. నువ్వు మాత్రం ఇనకూడదు."

నా ఎగ్జిబిషన్‌కి ప్రాణంలాంటి వస్తువు దొరికింది. దాన్ని వినడానికి నాకు మాత్రం వీల్లేదు.

ఆ ఆదివారం పొద్దున్న నలుగురం వెళ్ళాం. మామ్మ, అమ్మ, నేను, మా సౌండ్ అంకుల్. ఈయన బట్టతల చీనాయన, ముప్పై ఏళ్ళు పెళ్ళి వీడియోలు తీసి, పెళ్ళిళ్ళ మీద విసుగొచ్చి మ్యూజియంలో చేరాడు. బజారు తమిళం బాగా మాట్లాడతాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఒకప్పటి రబ్బరు తోటంతా ఇప్పుడు పామాయిల్ చెట్లే. కూలీల లైన్ల ఇళ్ళు ఉన్న చోట కూడా అవే వరసలు. మామ్మ కారు దిగి, కర్రతో రెండు మూడు చోట్ల నేల తట్టి చూసి, "ఇదే. ఇక్కడే నీళ్ళ కొళాయి ఉండీది" అని చాప వేయించుకుంది.

నన్ను కార్లో కూర్చోబెట్టి, అద్దాలు ఎక్కించి, అమ్మ రేడియో పెద్దగా పెట్టింది. "తియ్యకు. తీసినావంటే సూసుకో" అని వేలు చూపించి వెళ్ళింది.

కారు ముందద్దంలోంచి మూకీ సినిమా చూసినట్టు చూశాను. మామ్మ ముడి విప్పుకుంది. కొంగు తల మీదికి లాక్కుంది. ముందుకూ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది. అంకుల్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు పట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. అమ్మ గొడుగు పట్టింది. రేడియోలో ఎవరో వంటనూనె గురించి ఉత్సాహంగా చెప్తున్నారు. చూస్తే మాత్రం తగలదా అని ఒక ఆలోచన వచ్చి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, చదువుకున్నదాన్ని కదా అని నన్ను నేను తిట్టుకుని, మళ్ళీ మూసుకున్నాను. అలా ఇరవై నిమిషాలు.

తిరిగి వచ్చేటప్పుడు మామ్మ వెనక సీట్లో హాయిగా నిద్రపోయింది. నేను నోట్‌బుక్ తీశాను. విన్నది అమ్మ, రాయాల్సింది నేను.

"ఏం చెప్పింది అమ్మా?"

"ఏటి సెప్తాది? మంచిది పాపం. కస్టపడి పని సేసినాది. ఎవులికీ కీడు తలపెట్టనేదు. ఉన్నదాంట్లో నలుగురికి పెట్టినాది."

"ఇరవై నిమిషాలు ఇదేనా?"

"ఇదేన. రాగం తీస్తే టైమ్ పట్టదేటి?"

అదే రాశాను. శ్రద్ధగా, నాకు చేతనైనంత అందంగా రాశాను. డైరెక్టరు బల్ల దగ్గర నిలబడి చదివింది. చదివి కాగితం నా వైపు తిప్పింది.

"ఇది మొదటి గదిలోనే ఉంది కదా."

"అర్థం కాలేదు మేడమ్."

"అన్నం పెట్టింది, కీడు చెయ్యలేదు. ఈజిప్టు ఆఫీసరు చీర కట్టుకుని వచ్చాడు, అంతే. నీ ఎగ్జిబిషన్ అంతా ఏం చెప్తోంది? పొగడ్త నుంచి మనిషి దాకా ఎలా వచ్చామన్నదే కదా. మరి ఇందులో మనిషేది? సోమవారం దాకా చూస్తాను."

ఈ మాట నన్ను పొడిచినంతగా ఇంకే మాటా పొడవలేదు, అది నిజం గనక. నాలుగు గదుల నిండా జీవితాలు పొగడ్తల్లోంచి బయటపడ్డ కథ రాసి, చివరికి నేనే సమాధి గోడ చెక్కాను. చిన్న చిన్న సంగతుల్లో మనిషి స్వభావం కనిపిస్తుందనీ, ఒక వేళాకోళం చెప్పేది ఒక యుద్ధం చెప్పలేదనీ పాతవాళ్ళు కనిపెట్టడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. నేను దాన్ని రెండు రోజుల్లో మర్చిపోయాను.

గదిలోంచి బయటికి వస్తుంటే సౌండ్ అంకుల్ ఆపాడు. తన గదిలో కూర్చుని రికార్డు శుభ్రం చేస్తున్నాడు.

"అమ్మా, నాకు మాట తెలీదు. కానీ పదకొండో నిమిషంలో ఆ పాట్టి, మీ ముసలామె, నవ్వింది. పెద్ద నవ్వు. ఆ తరవాత ఇంకా గట్టిగా ఏడ్చింది. నీ కాగితంలో ఆ నవ్వు ఎక్కడుంది?"

కాగితం మడత విప్పి మళ్ళీ చూశాను.

"మీ అమ్మ కూడా నవ్వింది. గొడుగు ఊగింది. నేను చూశాను లా."

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పేపరు పరుచుకుని ఎండు నెత్తళ్ళకు తలలు గిల్లుతోంది. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు గిల్లాను. తరవాత అడిగాను.

"పదకొండో నిమిషంలో ఎందుకు నవ్వారు?"

అమ్మ తల ఎత్తలేదు. "ఎవులు సెప్పినారు?"

"తెలుగు రానాయన చెప్పాడు. తెలుగొచ్చినావిడ చెప్పలేదు."

చాలాసేపు బతిమాలితే బయటికి వచ్చింది. మామ్మ జతగత్తెకు సైకిల్ తొక్కాలని పిచ్చి. ఆ రోజుల్లో తోటలో ఆడది సైకిల్ ఎక్కడమే లేదు. ఉన్న ఒక్క సైకిలూ మండోర్‌ది. మండోర్ అంటే కూలీల మీద మేస్త్రీ. సైకిల్ మాత్రం కంపెనీ ఇచ్చింది. మధ్యాహ్నం అతను కునుకు తీసే వేళ ఈమె సైకిల్ రబ్బరు వరసల్లోకి నడిపించుకుపోయేది, మామ్మ కాపలా. పడుతూ లేస్తూ నేర్చుకుంది. ఒకరోజు పల్లంలో వదిలేసి, రెండు చేతులూ ఎత్తేసి, "ఓలమ్మా నాను దొరసానినే" అని అరుస్తూ పోయి కాలవలో పడింది. చక్రం సొట్టపోయింది. మండోర్ లేచి వస్తే ఇద్దరూ గుండెలు బాదుకుంటూ, అడవి పంది వచ్చి సైకిల్ని కుమ్మేసి పోయిందన్నారు. అతను నమ్మాడు. కుక్కల్నీ డప్పుల్నీ మనుషుల్నీ తీసుకుని వారం రోజులు తోటంతా పంది కోసం గాలించాడు. పంది దొరకలేదు.

నేను నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. అమ్మ నవ్వలేదు.

"ఇంత బంగారం దాచిపెట్టావా?"

"ఆ మండోర్ ఎవులనుకున్నావే? మా నాన్న. నీ తాత."

తాత ఫోటోలో ఖాకీ నిక్కరుతో, మీసంతో, ఎవరో ఆయనకు బాకీ ఉన్నట్టు చూస్తుంటాడు. ఆయన పేరు చెప్తే మా మేనమామలు ఇప్పటికీ సర్దుకుని కూర్చుంటారు.

"మా నాన్నని నిలబెట్టి నలుగురు నవ్వడానికేటి నీ మూజియం? వేండాం. రాయొద్దు."

"నిజంగా తాతకి తెలియలేదా అమ్మా?"

"తెలీనేదు." అని నెత్తళ్ళ పేపరు చుట్టేసి లేచిపోయింది.

ఇక్కడ మీకు నీతిగా చెప్పగలిగింది నా దగ్గర లేదు. అమ్మ వద్దంది. నేను రాశాను. రోములో తండ్రి గురించి కొడుకు మాట్లాడినంత కాలం అది ప్రసంగం. ఆ ఇంటితో సంబంధం లేనివాడు కలం పట్టుకున్నప్పుడు అది జీవితచరిత్ర అయింది. మూడో గది పలకలో ఈ ముక్క నేనే రాశాను. చివరి గదికి వచ్చేసరికి ఇల్లూ నాదే, కలమూ నాదే. ఒక్క రాజీ పడ్డాను. 'ఒక మండోర్' అని మాత్రం రాసి, ఆయన ఎవరికి తండ్రో, ఎవరికి అన్నో వదిలేశాను. రాసి అమ్మకు చదివి వినిపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే మూడు పూటలా వేడివేడిగా పెట్టింది.

సోమవారం డైరెక్టరు కొత్త పలక చదివింది. పంది దగ్గరికి వచ్చేసరికి ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఆమె నవ్వు అదేనని అంకుల్ తరవాత చెప్పాడు.

"మొదటి రోజు పెట్టి చూద్దాం. ఆ రోజు స్పాన్సరు మనిషి కూడా వస్తాడు. జనం ఆ గదిలో ఆగితే నీది. దాటుకుంటూ పోతే మర్నాడు పొద్దున్నే మిషన్లు వస్తాయి."

మొదటి రోజు పొద్దుట్నుంచీ నాకు కడుపులో కదలిక తక్కువగా ఉందనిపించి రెండుసార్లు మంచినీళ్ళు తాగి ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టుకున్నాను. బాగానే ఉంది. ఒంటరిగా పంపనని అమ్మ కూడా బయల్దేరింది. మామ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని, కర్ర పట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది.

చివరి గదిలో ఎక్కువేం లేవు. పలక, ఒక బెంచీ, అంకుల్ ఎక్కడో సంపాదించిన పాత సైకిల్, ఏడుపు వినడానికి గోడకు తగిలించిన హెడ్‌ఫోన్లు. స్పీకర్లు వద్దని నేనే అన్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు నేనొక్కదాన్నే కాదు కదా. మామ్మ బెంచీ మీద కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు తనే వింటోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని లెక్కపెడుతున్నాను.

మొదట వచ్చినవాళ్ళు దాటి పోయారు. తరవాత వాళ్ళూ దాటారు. స్పాన్సరు మనిషి ఫోన్లో గది పొడవంతా ఫోటో తీసుకుంటున్నాడు. అప్పుడు ఒక తమిళ కుటుంబం వచ్చి పలక ముందు ఆగింది. తండ్రి పైకి చదివాడు. పంది దగ్గర పిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వు విని నాలుగో గదిలోవాళ్ళు వెనక్కి వచ్చారు. చూస్తుండగానే ఇరవై మంది పోగయ్యారు.

తండ్రి నవ్వుతూ తమిళంలో అన్నాడు. "వారం రోజులు లేని పందిని వెతికాడంటే, ఎంత మడయన్ లా ఆ మండోర్!"

మడయన్ అంటే వెర్రివాడు. నా పక్కనున్న అమ్మ వింది. నేను చెయ్యి పట్టుకునేలోపే జనంలోకి వెళ్ళిపోయింది.

"ఎవరు మడయన్?" అమ్మ తమిళంలోనే అడిగింది. "ఆ మండోర్ మా నాన్న."

పాపం ఆయన చేతులు జోడించాడు.

"మా నాన్నకు తెలుసు. ఆ సాయంత్రమే తెలుసు. చక్రం సరిచేస్తుంటే గొలుసులో చీర అంచు పోగు చిక్కుకుని కనిపించింది. తోటలో ఆ అంచు చీర ఎవరిదో ఆయనకు తెలియదా? సైకిల్ కంపెనీది. ఆడకూలీ పాడుచేసిందంటే దొర ఆ పూటే పనిలోంచి తీసేసేవాడు. మొగుడు లేడు, ఎవరూ లేరు, ఎక్కడికి పోతుంది? అందుకని పంది అనే చెప్పాడు దొరకి. దొర నమ్మాలి కదా. వారం రోజులు కుక్కల్ని వేసుకుని ముళ్ళల్లో తిరిగాడు. లేదని తెలిసే తిరిగాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మెల్లిగా సైకిల్ దగ్గరికి వెళ్ళి గొలుసు వైపు వంగి చూశాడు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?" అన్నాను తెలుగులో.

"పోయే ముందర ఆసుపత్రిలో నాకు సెప్పినాడే. దొరకి అబద్ధం సెప్పినానని ఎవులికీ సెప్పకన్నాడు. ముక్యంగా తన సెల్లికి, మా అత్తకి సెప్పకన్నాడు. తెలిస్తే అది మరి నాకు బయపడదన్నాడు." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎర్రోడంటే ఊరుకుంటానేటి?"

జనమంతా బెంచీ వైపు తిరిగారు. తన వైపు ఇందరు చూస్తున్నారని మామ్మ హెడ్‌ఫోన్లు తీసింది.

"ఏటే? ఏటయినాది?"

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. మామ్మ కర్ర పిడి మీద బొటనవేలు రుద్దింది.

"అన్నకి తెలుసేటి?"

"తెలుసత్తా."

"మరి నన్ను పిలిసి, పంది ఎంత ఎత్తుందే అనడిగినాడు! నాను ఇంతుందని సెయ్యెట్టి సూపినాను. కొలత రాసుకున్నాడే కాగితం మీద!"

ఆ నవ్వు నేను మొదటిసారి విన్నది అప్పుడే. రికార్డులో నాకు నిషేధమైన నవ్వు. పళ్ళు లేని నోరంతా తెరిచి, భుజాలు ఊగిపోతూ నవ్వింది. తమిళ కుటుంబానికి మాట అర్థం కాకపోయినా వాళ్ళూ నవ్వారు. స్పాన్సరు మనిషి ఫోను జేబులో పెట్టుకున్నాడు. నవ్వుతూ నవ్వుతూనే మామ్మ కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"ఇది దానికి తెలీదు కదే. తెలీకండానే పోనాది. సెప్పాల." కర్ర ఆన్చుకుని చుట్టూ చూసింది. "ఈ ఇంట్లో ఎవులైనా కాపరముంటన్నారా?"

జనం వెనక నిలబడి ఉన్న డైరెక్టరు, ఏమంటోందని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె మామ్మ ముందుకు వచ్చి, చెయ్యి అడ్డంగా ఊపి, "ఎవరూ లేరు ఆంటీ. ఖాళీ ఇల్లు" అంది మలయ్‌లో.

"అయితే ఎవులికీ తగల్దు. తీస్తాను. ఆ బోడాయన్ని మైకు అట్టుకు రమ్మను." తరవాత నా వైపు తిరిగింది. "నువ్వు బయటికెల్లు."

"మామ్మా, ఇది నా గది!"

"నీదేన. నీ కడుపులోదానిది కాదు కదా. ఎల్లు గుంటా, ఎల్లు."

ఆరేళ్ళ ఉద్యోగంలో నేను గెలిచిన ఒకే ఒక్క గదిలోంచి నన్ను గెంటేశారు. తలుపు మూసుకుంది. నేను మెట్లు దిగి, దుకాణాల ముందు వరండాలో నీడలో నిలబడ్డాను. రోడ్డు మీద మోటార్‌సైకిళ్ళ మోతలో లోపలి గొంతు వినబడలేదు. ఎవరూ బయటికి రాలేదు. పది నిమిషాలు గడిచాయి, పదిహేను గడిచాయి. కొత్తగా టిక్కెట్టు కొన్న ఇద్దరు లోపలికి వెళ్ళి వాళ్ళూ తిరిగి రాలేదు.

కాసేపటికి డైరెక్టరు వచ్చింది. కళ్ళద్దాలు తీసి, కోటు అంచుతో తుడుచుకుంటోంది.

"స్పాన్సరు మిషన్లు మెట్ల కింద పెట్టుకుంటామన్నాడు. ఆయనే అన్నాడు, నేను అడగలేదు. ఇంకా లోపలే ఉన్నాడు, నేల మీద కూర్చుని."

కళ్ళద్దాలు వెలుగుకు పెట్టి చూసుకుంది.

"పలక తప్పు ఇప్పుడు. 'అతను నమ్మాడు' అని రాశావు."

"మారుస్తాను మేడమ్. కానీ మా తాతని కూడా రాయాలంటే అందులో చోటు లేదు."

"ఎదుటి గోడ ఖాళీగానే ఉంది లా," అని కళ్ళద్దాలు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు తెరిచాక నేనూ లోపలికి వెళ్ళాను. మామ్మ ముడి వేసుకుంటోంది. అమ్మ ఎవరో చీనా పిల్లలకు, పంది ఎంత ఎత్తో చెయ్యి పెట్టి చూపిస్తోంది. అంకుల్ దగ్గర కొలత టేపు అడిగి తీసుకుని ఎదుటి గోడ కొలిచాను.